మా సంఘం నాలుగో అధ్యక్షుడు

మొన్న మా పాత విద్యార్థి సంఘం వాళ్ళు ఒక సావనీరు అచ్చు వేసి నాకో ప్రతి పంపారు. నున్నటి కాగితం, పెద్దవాళ్ళ సందేశాలు, చివర ‘సంఘ చరిత్ర, ఎన్నికైన కార్యవర్గాలు’ అని ఒక పట్టిక. అందులో నాలుగో సంవత్సరం అధ్యక్షుడు అన్న చోట నా పేరుంది. పక్కన ‘గారు’ కూడా తగిలించారు. ఆ గారూ నాకక్కర్లేదు, ఆ పదవీ నాది కాదు. నేను ఆ సంఘానికి ఒక్క పూట కూడా అధ్యక్షుణ్ణి కాను. ఎన్నికలో నిలబడి ఓడిపోయినవాణ్ణి. ఆ ముక్కే ఉత్తరం రాశాను. “మినిట్స్ పుస్తకంలో అట్లాగే ఉందండీ, ఇప్పుడు మార్చటం కుదరదు” అని జవాబొచ్చింది.

కుదరదు అన్న మాట వింటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. పుస్తకంలో ఉన్నంత మాత్రాన అబద్ధం నిజమైపోతుందా? ఆ పుస్తకం ఎవరు రాశారో, ఏ పూట రాశారో, రాసేటప్పుడు వాడి కడుపు ఎంత నిండి ఉందో నాకు తెలుసు. వాళ్ళు మార్చకపోతే నేనే రాస్తాను. చదివేవాళ్ళు చదువుతారు, లేనివాళ్ళు పోతారు.

మా సంఘమంటే గుంటూరు కాలేజీల్లో చదివే పల్నాటి కుర్రాళ్ళ సంఘం. మాచర్ల నుంచి, గురజాల నుంచి, పిడుగురాళ్ళ, బెల్లంకొండల నుంచి రైలెక్కి వెళ్ళి చదువుకునేవాళ్ళం, అందరం కలిసి నలభై మందిమి ఉండేవాళ్ళమేమో. గుంటూరు వాళ్ళకు మేమంటే ఎకసెక్కం. పల్నాడులో రాళ్ళు, జొన్నకూడు తప్ప ఇంకేముంది అనేవాళ్ళు. ఆ ఉక్రోషంతోనే సంఘం పుట్టింది. గుంటూరులో సంఘం పేరున ఒక పెంకుటిల్లు అద్దెకు తీసుకున్నాం. కొత్తగా వచ్చిన కుర్రాడికి ఎక్కడా చోటు దొరక్కపోతే అందులో ఉండి చదువుకోవచ్చు. ఎవరిని చేర్చుకోవాలో తేల్చేది అధ్యక్షుడు. పదవికి ఉన్న అసలు బలం అదే. మిగతాదంతా పూలదండ.

సంఘానికి రూల్సు కావాలి కదా. మాలో మొట్టమొదట యూనివర్సిటీ గడప తొక్కినాయన అక్కడి విద్యార్థి సంఘం నిబంధనల పుస్తకం ఒకటి పట్టుకొచ్చాడు. చిన్న ఇంగ్లీషు పుస్తకం. మేం నలుగురం కూర్చుని, రెండు రాత్రుళ్ళు నిద్ర మాని, దాన్ని తెలుగులోకి దించాం. ఒక్క ముక్క వదల్లేదు. వదిలితే మా సంఘం వాళ్ళ సంఘం కంటే ఎక్కడ తక్కువవుతుందోనని భయం. ఆ పుస్తకంలో పడవ పందేలకు ఒక కార్యదర్శి ఉండాలని ఉంది. మేమూ పెట్టుకున్నాం. మా దగ్గర పడవ లేదు, పందెం లేదు, వేసవిలో తాగటానికి నీళ్ళే కరువు. అయినా ప్రతి ఏడూ పడవ పందేల కార్యదర్శిని ఓటు వేసి మరీ ఎన్నుకునేవాళ్ళం. నేను పోటీ చేసిన ఏడు ఆ పదవి దక్కిన బెల్లంకొండ కుర్రాడికి ఉన్న అర్హతల్లా ఒక్కటే, పుట్టిలో కూర్చుని కృష్ణ అవతలికి ఒకసారి పెళ్ళికి వెళ్ళొచ్చాడు.

అధ్యక్షుల సంగతీ చెప్పాలి. మొదటి ఏడు ఆ రూల్సు తెచ్చినాయనే అధ్యక్షుడు. తరవాత గురజాలలో ప్లీడరయ్యాడు. రెండో ఏడు నెగ్గినవాడికి నలుగురిలో నోరు పెగలదు, కానీ సైకిలుంది. మూడో ఏడు పెదకూరపాడు అబ్బాయి. పెదకూరపాడు పల్నాడే కాదని సగం మంది, మన రైలు ఆ ఊరి మీదుగానే పోతుంది గనక పల్నాడేనని సగం మంది, సాయంత్రం దాకా కొట్టుకుని చివరికి రైలు పక్షమే గెలిచింది. ఇంతవరకూ సావనీరులో ఉన్నది నిజమే.

ఇప్పుడు అసలు రూలు. ‘ఎన్నికైన అధ్యక్షుడు వార్షిక విందులో సభ్యుల సరసన కూర్చుని భోజనం చేసినప్పుడే పదవి స్వీకరించినట్టు. అతడు అట్లా చేయని పక్షంలో ఆ పదవి రెండవ స్థానంలో వచ్చినవారికి చెందును.’ యూనివర్సిటీలో అది ఒక మర్యాద కోసం రాసుకున్న మాట అయ్యుంటుంది. అక్కడ ఎవరు దాన్ని పట్టించుకున్నారో నాకు తెలియదు. కానీ మా నేల మీద ఎవడు ఎవడి సరసన కూర్చుని తింటాడన్నది మర్యాద సంగతి కాదు. అదొక కోట. ఆ కోటకు మేమే తెలియక తలుపు బిగించి, తాళంచెవి మా మామయ్య చేతిలో పెట్టాం.

మా మామయ్యంటే మా అమ్మకు పెద్దన్న. మాచర్లలో పత్తి, వేరుశనగ కొని గుంటూరుకు పంపే వ్యాపారం. పెద్ద వాకిలి, వందమంది కూర్చోగల పందిరి. దసరా సెలవుల్లో మా సంఘం ఎన్నిక మాచర్లలో జరిగేది. మర్నాడు మధ్యాహ్నం విందు మామయ్య ఇంట్లో. విస్తళ్ళ ముందు నిలబడి రూల్సు చదివించటమంటే ఆయనకు చానా ఇష్టం. “చదువుకున్నోళ్ళ పద్ధతి చూడండి, అన్నానిక్కూడా రూలుంది” అని అందరికీ చెప్పి మురిసిపోయేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు నేను అధ్యక్షపదవికి నిలబడ్డాను. నా మీద నిలబడ్డవాడు రెంటచింతల దాపున ఒక ఊరి బయటి పల్లెవాడు. వాళ్ళ నాన్న ఉపదేశి, ఆదివారాలు ప్రార్థన చెప్పి మిగతా రోజుల్లో పల్లె పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు. ఈ కుర్రాడు గుంటూరులో మిషను హాస్టల్లో ఉండి చదివేవాడు. లెక్కల్లో మమ్మల్నందరినీ వాడే గట్టెక్కించాడు. నా ఇంటరు పాసులో సగం వాడిదే. గుంటూరులో నన్ను ‘ఒరేయ్’ అనేవాడు. రైలు నడికుడి దాటి మా ఊళ్ళ వైపు తిరిగేసరికి ‘మీరు’ అనేవాడు. రెండేళ్ళ పాటు ఆ తేడా నేను గమనించనేలేదు. ఆ సంగతి రాయటానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ రోజుల్లో ఓటంటే రంగు పెట్టెలు, పార్టీకో రంగు. పెద్ద ఎన్నికల్లో కాంగ్రెసు వాళ్ళ పసుపు పెట్టె గెలిచింది గనక మా ఇద్దరికీ పసుపు పెట్టే కావాలి. తగువు తెగక రెండు బిస్కట్ల డబ్బాలకూ పసుపే పూసి, ఒకదాని మీద నా పేరు, ఒకదాని మీద వాడి పేరు అంటించారు. ముందుగా నేను మాట్లాడాను. పల్నాటి పౌరుషం, మన గడ్డ, మన బిడ్డ అని అరగంట ఊదరగొట్టాను. వాడు నాలుగే మాటలు చెప్పాడు. “గుంటూరులో మనకో ఇల్లుంది. అందులో మూడు గదులు ఖాళీగా ఉంటన్నాయి. మా పల్లె పిల్లలు చోటు లేక చదువు మానేసి వెనక్కొస్తన్నారు. నేను గెలిస్తే ఆ గదులు వాళ్ళక్కూడా ఇస్తా. అంతే.” డబ్బాలు తెరిస్తే వాడు అయిదు ఓట్ల తేడాతో గెలిచాడు.

నాకు చచ్చేంత కోపం వచ్చింది. అది దాచను. కానీ కుర్రాళ్ళు వాణ్ణి భుజాల మీద ఎత్తుకుంటే నేనూ ఒక భుజం ఇచ్చాను. ఓటేసిన వాళ్ళలో ఒక్కడికైనా మర్నాటి విస్తళ్ళు గుర్తుకొచ్చాయా అంటే, రాలేదు. అంతకు ముందు ఏ విందుకూ వాడు వచ్చిన పాపాన పోలేదు. ఎప్పుడూ చర్చిలో పని ఉందనేవాడు. ఏం పని అని మేమూ ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే మామయ్య కబురు పెట్టాడు. వెళ్తే వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కోపంగా లేడు, నవ్వుతూనే ఉన్నాడు.

“ఏరా అబ్బాయ్, ఓడిపోయావంటగా. దిగులు పడమాక. మీ రూలే నిన్ను గెలిపిచ్చుద్ది.”

“ఎట్టా మామయ్యా?”

“ఆ కుర్రోడు రావచ్చు. నేను రావద్దనను, రేపు నలుగురూ నన్నంటారు. గొడ్ల కొట్టం పక్కన విస్తరేపిస్తా. కడుపు నిండా పెడతా. పందిట్లో మటుకు కూర్చోడు. కూర్చోకపోతే ప్రెసిడెంటు ఎవరు? రూలు మీరు రాసిందే గదా.”

నేను కాదనాలి. “మేం ఓటేసి గెలిపించాం, నీ పందిరి మాకొద్దు” అనాలి. పాతికేళ్ళ నుంచీ ఆ మాటను నేను మనసులో వెయ్యిసార్లు అన్నాను. ఆ పొద్దు మాత్రం “సరే మామయ్యా, చూద్దాం” అని వచ్చేశాను. చూద్దాం అన్న మాట కన్నా పిరికి మాట తెలుగులో ఇంకొకటి లేదు.

గెలిచినవాడు ముందు రాత్రి రైల్వే స్టేషను దగ్గర మా ఇంకో స్నేహితుడింట్లో అరుగు మీద పడుకున్నాడు. వెళ్ళి జరిగింది చెప్పాను. వాడు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. చెంబులో నిప్పులు పోసి, దానితోనే మడతలు తీస్తున్నాడు. నేను చెప్పటం అయిపోయేదాకా చెంబు ఆపలేదు.

“కొట్టం పక్కన నేను కూర్చోను,” అన్నాడు.

“అయితే రామాకు. తలనొప్పని చెప్తా.”

“వస్తా. గెలిచినోడు రాకుండా ఎట్టా ఉంటాడు? వచ్చి నిలబడతా. మీరేం చేస్తారో చూస్తా.”

నన్ను మీరు అన్నాడో, మమ్మల్నందరినీ కలిపి మీరు అన్నాడో నాకు అర్థం కాలేదు. అడగాలంటే ధైర్యం చాల్లేదు.

మధ్యాహ్నం పందిట్లో మోదుగాకు విస్తళ్ళు రెండు వరసలు వేశారు. వరస మొదట్లో అధ్యక్షుడి విస్తరి, దాని ముందు ముగ్గు. అందరూ కూర్చున్నారు. ఆ మొదటి విస్తరి ముందు మామయ్య నన్ను భుజం పట్టి కూర్చోబెట్టాడు. నేను కూర్చున్నాను. బలవంతంగా అని రాయబోయి కొట్టేశాను. నా కాళ్ళు నావే, నేనే కూర్చున్నాను. మా కార్యదర్శి, గురజాల వాడు, లేచి రూలు చదివాడు. అప్పుడు గెలిచినవాడు ఇస్త్రీ చొక్కాతో వచ్చి వాకిలి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“అబ్బాయ్, అక్కడేశారు నీకు. పో, కూర్చో,” అన్నాడు మామయ్య కొట్టం వైపు చూపించి.

“నన్ను గెలిపిచ్చిన సంఘం లోపల కూర్చుందండీ. నేను బయట కూర్చుంటే ఎవరికి ప్రెసిడెంటుని?”

“అయితే నీ ఇష్టం.”

“నా ఇష్టమే అయితే లోపలికొస్తానండీ.”

పందిట్లో ఎవరూ కదల్లేదు. విస్తట్లో పులిహోర, బూరెలు, వంకాయ కూర పడి ఉన్నాయి. అందరి తలలూ వాటి మీదే. వాడు కాసేపు చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. నడకలో తొందర లేదు. అన్నం వడ్డించారు. పప్పు వడ్డించారు. నేతి గిన్నె పట్టుకుని మా అత్తయ్య నా విస్తరి మీదికి వంగింది. అప్పుడు లేచాను.

వడ్డించిన విస్తరి ముందు నుంచి లేవటమంటే మా వైపు చిన్న సంగతి కాదు. పెట్టినవాళ్ళ ముఖాన ఉమ్మేసినట్టే. ఆ ఇంటికి మళ్ళీ కాళ్ళు కడుక్కుని వెళ్ళే పని ఉండదు. మా అత్తయ్య చేతిలో నెయ్యి నేల మీద కారింది. “అన్నం ముందు నుంచి లేస్తన్నావేంట్రా?” అంది. ఆమె మీద నాకే కోపమూ లేదు. ఆమె గొంతులో బాధ విని నాకు ఏడుపొచ్చింది. అయినా నడిచాను. నా వెనక ఇంకో ఆరుగురు లేచారు. మిగిలినవాళ్ళు తిన్నారు. మజ్జిగ దాకా తిన్నారు. తిని చేతులు కడుక్కున్నాక, మా కార్యదర్శి మామయ్య బల్ల మీదే పుస్తకం తెరిచి, నేను విందులో కూర్చున్నాను గనక పదవి స్వీకరించినట్టేనని రాసి సంతకం పెట్టాడు. సావనీరు వాళ్ళకు సాక్ష్యం ఆ సంతకమే. పప్పు వడ్డించేదాకా నేను కూర్చున్నది నిజం. వాళ్ళ అబద్ధానికి ఊతం నేనిచ్చిందే, అందుకే ఇంత మండుతోంది.

సెలవులు అయిపోయాయి. మర్నాడు పొద్దున, విస్తళ్ళ ముందు నుంచి లేచిపోయిన ఏడుగురం మాచర్లలో రైలెక్కి ఒకే పెట్టెలో కూర్చున్నాం. వీరుల్లాగా ఉన్నాం. ఆకలితో పడుకున్నామన్న గర్వం ఒకటి. మామయ్యను ఏమని తిట్టాలో ఒకరికొకరం నేర్పుకుంటున్నాం. రెంటచింతలలో వాడెక్కాడు. భుజాన పెట్టె, చేతిలో తెల్లగుడ్డ కట్టిన గంప. రాత్రికే ఇంటికి నడిచి వెళ్ళాడట. మేం లేచి వచ్చిన కబురు వాడికప్పటికే చేరింది. మేము చోటిచ్చాం, వీపులు తట్టాం. వాడు కూర్చుని గంప మీది గుడ్డ విప్పాడు. జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి, ఎండుచేపల పులుసు చట్టి.

“నిన్న లేచారంటగా. బాగుంది. లేవటం తేలిక,” అన్నాడు. “వార్షిక విందు ఇదే. మా అమ్మ వండింది. ఎవరు కూర్చుంటారో కూర్చోండి.”

వాణ్ణి మా సరసన కూర్చోబెట్టుకోవటానికి మేం తయారే. వాళ్ళ పొయ్యి మీద వండింది తినటం వేరు సంగతి. అంత దూరం మేం ఆలోచించలేదు. అందరూ నా వైపు చూశారు. నిన్న మొదట లేచినవాణ్ణి నేనే కదా మరి.

రొట్టె తుంచి పులుసులో అద్దాను. ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది. నేను ఎంత గొప్ప అభ్యుదయవాదినో నాకప్పుడు తెలిసింది. మా అమ్మ ముఖం కనిపించింది, మడికట్టుకున్న మా నాయనమ్మ కనిపించింది. వాడు నా చేతి వైపే చూస్తున్నాడు. జాలి లేదు, కోపమూ లేదు. పరీక్షల ముందు నా లెక్క తప్పో ఒప్పో చూసేటప్పుడు అట్లాగే చూసేవాడు. తిన్నాను. మొదటి ముద్ద మింగటం కష్టమైంది. రెండోది కాలేదు. మూడో ముద్దకు ఉప్పు కొంచెం ఎక్కువైందని కూడా అన్నాను.

“మా అమ్మతో చెప్తా,” అన్నాడు, మొదటిసారి నవ్వి.

ఒక్కొక్కరే చెయ్యి పెట్టారు. ఒక్కడు తప్ప. మన పడవ పందేల కార్యదర్శి కిటికీ వైపు తిరిగి, కడుపులో బాగాలేదన్నాడు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. గురజాల దాటేసరికి గంప సగమైంది.

వాడు నోరు తుడుచుకుని, “నేను పదవి తీసుకున్నట్టేనా?” అన్నాడు.

“తీసుకున్నట్టే.”

“కార్యదర్శి ఈ పెట్టెలో లేడు. నువ్వు రాయి,” అన్నాడు. నేను నా నోటుబుక్కు ఎడం చేత్తో తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. వాడు చెప్పాడు, “మొదటి తీర్మానం. విందు రూలు ఈ రోజుతో రద్దు. ఇక మీదట మన సంఘంలో ఎవడూ అన్నం తిని ప్రెసిడెంటు కానక్కర్లేదు. ఓటు చాలు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి.”

చేతులు కడుక్కోకుండానే ఎత్తాం. నాది కూడా కలిపి ఆరు ఎంగిలి చేతులు, పులుసు మణికట్టు దాకా కారుతోంది. కిటికీ దగ్గర నుంచి ఏడో చెయ్యి లేచింది. శుభ్రంగా, పొడిగా ఉంది. నాకు ఒళ్ళు మండింది.

“వాడు తినలేదు. వాడి ఓటు చెల్లదు,” అన్నాను.

“ఎందుకు చెల్లదు? తిన్నోళ్ళకే ఓటంటే మీ మామయ్యకీ నాకూ తేడా ఏందిరా?”

తలవంచుకుని నోటుబుక్కులో ఏడు అని రాశాను.